చెయ్యి విరిగిన బెంచీ

పళ్ల ల్యాబు, ఇంటి ముందు గది
జనవరి 8

అక్కా,

ఫోన్ చేస్తే "బస్సు వచ్చేసింది, తర్వాత మాట్లాడతా" అని పెట్టేస్తావు. ఇన్నేళ్లుగా నీ బస్సు రావడమే గానీ నువ్వు తర్వాత మాట్లాడింది ఎప్పుడూ లేదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని మధ్యలో పెట్టెయ్యడం నీ వల్ల కాదు.

మార్చిలో పది రోజులు ల్యాబు మూసేస్తున్నాను. డాక్టరమ్మకి చెప్పేశాను. "పది రోజులు పళ్ల సెట్లు లేకుండా నా పేషెంట్లు ఏమైపోవాలి?" అంది. "మాట్లాడకుండా ఉంటారు, మీకూ హాయి" అన్నాను. నవ్వింది, ఒప్పుకుంది.

నాన్న పోయి ఏడాది దాటింది. ఇక నన్ను ఈ గదిలో కట్టిపడేసేవాళ్లు ఎవరూ లేరు. ఈ దేశాన్ని ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూడాలి. నేనేమీ కొత్త చోట్లు అడగడం లేదు. నువ్వు పంపిన అరవై మూడు బొమ్మల కార్డుల్లో ఉన్నవే. జలపాతం, టీ తోటల కొండ, మడ అడవుల్లో పడవలు, గబ్బిలాల గుహ, చిట్టచివర లైట్‌హౌస్. ఈ వరసలోనే. నువ్వు గైడ్‌వి, నీ వెనకే నడుస్తాను. ఈల వేస్తే ఆగుతాను.

ఆ గైడ్ ఉద్యోగానికి మనిద్దరం దరఖాస్తు పెట్టాం. నన్ను తీసుకున్నారు, నిన్ను తీసుకోలేదు. అదే వారం నాన్నకి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. పళ్లు కట్టే పని నాకు వచ్చు, ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. నీకు రాదు. అందుకని నా బదులు నిన్ను పంపాను. "మనిద్దరిలో ఒక్కరైనా చూడాలి" అన్నాను, గుర్తుందా? ఇప్పుడు రెండో మనిషి వంతు.

లైట్‌హౌస్ మాత్రం వదిలేది లేదు. ఎందుకో నీకు వేరే చెప్పాలా? దాని కింద చెక్క బెంచీ ఉందనీ, ఎడమవైపు చెయ్యి ఆనించుకునే చెక్క విరిగిపోయిందనీ, అయినా దాని మీద కూర్చుంటే సముద్రమంతా మనదే అనిపిస్తుందనీ రాశావు. నాన్న వడ్రంగి బుద్ధి ఎక్కడికి పోతుంది? సముద్రాన్ని వదిలేసి చెక్కని పట్టుకున్నాడు. "ఎవరూ బాగు చెయ్యరా? అంత చోట విరిగిన బెంచీ పెడతారా?" అని రోజూ గొడవ. నీ చేత కొలతలు తెప్పించమన్నాడు. నువ్వూ పంపావు. పొడవు పద్దెనిమిది అంగుళాలు, వెడల్పు మూడు, ముందు కొస గుండ్రం, మేకులకి రెండు రంధ్రాలు. నేను చెక్క కదలకుండా పట్టుకుంటే, ఆడే ఎడమ చేత్తో ఉలి పట్టి ఏడు నెలలు చెక్కాడు. ఉప్పు కాగితం పెట్టి నున్నగా రుద్దాడు. "నువ్వే వెళ్లి బిగించి రా" అన్నాడు. బిగిస్తానని మాటిచ్చాను.

పాత దుప్పట్లో చుట్టి పెట్టె అడుగున పెట్టేశాను. మేకులు, సుత్తి కూడా. బట్టల సంగతి తర్వాత.

ప్రోగ్రాం వేసి పంపు.

చెల్లి

*

పర్యటనల ఆఫీసు
జనవరి 21

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. చాలా సంతోషం. నేనిప్పుడే గుహ నుంచి తిరిగొచ్చాను, రేపు తెల్లారకుండానే మళ్లీ పడవల వైపు వెళ్లాలి. ఊపిరి ఆడటం లేదంటే నమ్ము.

నువ్వడిగిన ప్రోగ్రాం ఇదుగో.

మొదటి రోజు: అల్పాహారం అనంతరం జలపాతానికి బయలుదేరుట. రమణీయ దృశ్యాలను తిలకించుట. రెండో రోజు: టీ తోటల సందర్శన, ఆకు ఎండబెట్టు విధానం చూచుట. నాలుగో రోజు: పడవలో విహారం, పక్షుల వీక్షణ. ఆరో రోజు: గుహ. టార్చిలైటు ఎవరిది వారే తెచ్చుకొనవలెను. ఏడో రోజు: తిరుగు ప్రయాణం.

లైట్‌హౌస్ తీసేశాను. ఆ రోడ్డు ఏమీ బాగాలేదు. ఇంకో మాట, మార్చి అంటే మాకు మంచి సీజన్. నాకు వరసగా బృందాలు ఉంటాయి. నీతో రావడం కుదరకపోవచ్చు. మా ఇంకో గైడ్‌తో పంపిస్తాను, మంచి పిల్ల. లేదంటే వానలు వచ్చి వెళ్లాక చూద్దాం. అసలు ఇంత తిరగడం దేనికి? రైల్లో నాలుగు గంటల ప్రయాణం, నా దగ్గరికి రా. ఇక్కడికి దగ్గర్లోనే స్టేషన్ పక్కన చిన్న బీచి ఉంది. ఇద్దరం కూర్చుని కబుర్లు చెప్పుకుందాం.

అన్నట్టు, మా ఆఫీసులో పెద్ద డ్రైవరు అని ఒకాయన ఉన్నాడు. పై పళ్లన్నీ ఊడిపోయాయి. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాదు, అడిగిందానికి తలే ఊపుతాడు. ఆయన బస్సు మన ఊరి మీదుగానే వస్తుంది. నీ దగ్గరికి వెళ్లమన్నాను. నాకు చాలా సాయం చేసిన మనిషి, శ్రద్ధగా కట్టు.

అక్క

*

పళ్ల ల్యాబు
ఫిబ్రవరి 2

అక్కా,

తిలకించుటా? చూచుటా? నేను నీ చెల్లినా, టికెట్ నంబరునా?

నీ ప్రోగ్రాం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి అనుమానం వచ్చింది. మూడోసారి ఒళ్లు మండింది. నాలుగోసారి చదువుతూ ప్లాస్టర్ కలిపితే అది గిన్నెలోనే గడ్డకట్టుకుపోయింది. ఊళ్లో హెడ్మాస్టరు కింది పళ్లు నీ వల్ల రెండు రోజులు ఆలస్యం.

నేనడిగింది ఒక్క లైట్‌హౌస్. తీసేసింది ఒక్క లైట్‌హౌస్. రోడ్డు బాగాలేదట! పోయిన నవంబరులో వచ్చిన కార్డులో ఏం రాశావు? "రోడ్డు అద్దంలా ఉంది, బస్సు జారుకుంటూ పోయింది" అని. నా ఎదురుగా గోడ మీదే ఉంది, నీ చేతిరాతే. మూడు నెలల్లో ఆ అద్దాన్ని ఎవరు పగలగొట్టారు?

నువ్వు రాకుండా ఇంకో గైడ్‌ని పంపుతావా? ముక్కూ మొహం తెలియని పిల్ల వెనకాల నేను ఈల విని నడవాలా? నీ కార్డులు నాన్నకి ఎన్నిసార్లు చదివానో తెలుసా? జలపాతం కార్డు చదివితే "మళ్లీ" అనేవాడు. మళ్లీ చదివితే మళ్లీ "మళ్లీ". ఫొటో ఒక్కటీ పంపదేమని ఒకసారి అడిగాడు. "గైడ్ అందరినీ ఫొటో తీస్తుంది, గైడ్‌ని ఎవరు తీస్తారు?" అని నీ తరపున నేనే చెప్పాను. ఎప్పుడూ నీ తరపునే మాట్లాడాను.

ఇన్నేళ్లు ఆ చోట్లన్నీ నీ కళ్లతో చూశాను. ఇప్పుడు నా కళ్లతో చూస్తానంటే నీకు అడ్డమేంటి? నేను పక్కన ఉంటే నామోషీనా? చేతులకి ప్లాస్టర్ మరకలున్న చెల్లెల్ని నీ బృందాలకి చూపించడం సిగ్గా? అదే అయితే అదే చెప్పు. నాకు నిజం చాలు.

మీ పెద్ద డ్రైవరు వచ్చి వెళ్లాడు. కొలత తీసుకున్నాను. నోట్లో మైనం ఉన్నంతసేపూ నావైపు చూసి నవ్వుతూనే ఉన్నాడు. ఏదో చెప్పాలని చూశాడు గానీ గాలే వచ్చింది. పదిహేను రోజుల్లో రమ్మన్నాను.

లైట్‌హౌస్ పెట్టి కొత్త ప్రోగ్రాం పంపు. మనుషులు రాసుకునే భాషలో.

చెల్లి

*

పర్యటనల ఆఫీసు
ఫిబ్రవరి 11

చెల్లీ,

నామోషీ అన్న మాట ఇంకోసారి రాస్తే ఆ ఉత్తరం చదవకుండా చింపేస్తాను.

నీ మీద ప్రేమతోనే వద్దంటున్నాను. కొండ మీద జలగలు ఉంటాయి. పడవల దగ్గర దోమలు. గుహలో మెట్లు నాచు పట్టి ఉన్నాయి, నీ మోకాలు ఒప్పుకోదు. లైట్‌హౌస్ దగ్గర గాలికి మనిషి నిలబడలేడు. ఇక ఆ బెంచీ అంటావా, చెక్క బెంచీ ఉప్పుగాలికి ఎన్నాళ్లుంటుంది? ఈపాటికి తీసేసి ఉంటారు. అంత దూరం వెళ్లి అది లేకపోతే కూలబడి ఏడుస్తావు. ఆ చెక్కని ఇంట్లోనే గోడకి బిగించుకో. నాన్న గుర్తుగా ఉంటుంది.

నీకు లైట్‌హౌస్ పిచ్చి పట్టింది. నా ప్రాణం తీస్తున్నావు. పట్టుకుంటే వదలవు, చిన్నప్పటి నుంచీ అంతే. రైలెక్కి నా దగ్గరికి వస్తే రా. లేకపోతే నీ ఇష్టం.

అక్క

*

పళ్ల ల్యాబు
ఫిబ్రవరి 20

అక్కా అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అలవాటు కొద్దీ రాశాను.

నిన్న పొద్దున మీ పెద్ద డ్రైవరు వచ్చాడు. సెట్టు బిగించాను. రంగు కాగితం కొరికించి ఎత్తుపల్లాలు సరిచేశాను. అద్దం ఇచ్చాను. పాపం, ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏదైనా మాట్లాడండి, గాలి పోకుండా మాట వస్తోందో లేదో చూడాలి" అన్నాను. ఏం మాట్లాడాలో తోచక చుట్టూ చూశాడు. గోడ మీద నీ కార్డులు కనబడ్డాయి.

"సరస్సు... సముద్రం..." అన్నాడు. చక్కగా పలికింది. నాకు గర్వంగా కూడా అనిపించింది. తర్వాత అన్నాడు, "ఇవన్నీ నేను పోస్టు చేసినవే కదమ్మా!"

"మీరు పోస్టు చెయ్యడమేంటండీ?" అన్నాను.

"మీ అక్కయ్యే ఇచ్చేది. రెండు నెలలకోసారి ఒక కార్డు రాసి చేతిలో పెట్టేది. అక్కడి డబ్బాలోనే వెయ్యాలనేది. ఒకసారి మర్చిపోయి తిరిగొచ్చి ఊళ్లో వేస్తానంటే ఎంత కోప్పడిందో! మళ్లీ ట్రిప్పు దాకా దాచి, అప్పుడు వేయించింది. ఆ అమ్మాయి పద్ధతే వేరు."

"ఆవిడ మీతో రాదా?"

"ఎక్కడ వస్తుందమ్మా, ఆమెకి బస్సు పడదు కదా! మొట్టమొదటి ట్రిప్పులోనే ఘాట్ రోడ్డు మీద పేగులు బయటికొచ్చేలా కక్కుకుంది. ఆ తర్వాత ఆ వెనక గది వదిలి రాలేదు. ప్రోగ్రాంలు టైపు చేస్తుంది. బంగారంలాంటి పని."

కొత్త పళ్లు కదా, ఆపకుండా మాట్లాడాడు. నాకు ఆయన నోట్లోంచి ఆ పళ్లు నా చేత్తోనే పీకెయ్యాలనిపించింది. లైట్‌హౌస్ కింద బెంచీ ఉందా అని అడిగాను. "నేను బస్సు కిందే ఆపుతానమ్మా, మోకాళ్ల నొప్పులు, పైకి ఎప్పుడూ ఎక్కలేదు" అన్నాడు. ఆయనొక్కడే నాతో నిజం చెప్పిన మనిషి.

పదకొండేళ్లు! పదకొండేళ్లు నా చెవిలో పువ్వు పెట్టావు, నాన్న చెవిలో పెట్టావు. మంచం మీదున్న మనిషి చేత, ఒక చెయ్యి ఆడని మనిషి చేత, లేని బెంచీకి చెక్క చెక్కిస్తావా? ఆయన వేలికి ఉలి దిగి రక్తం కారితే నేను గుడ్డ కట్టాను. అయినా ఆపలేదు. "సముద్రం చూసేవాళ్లకి చెయ్యి ఆనించుకోవాలి కదా" అన్నాడు. ఆ కొలతలు గాల్లోంచి తీసి రాశావా?

అది కూడా వదిలెయ్. కార్డులు అబద్ధమైతే అయ్యాయి. నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. నెలకి రెండు రోజులు వచ్చి నాన్నని ఇటూ అటూ తిప్పడానికి సాయం చెయ్యమని ఎన్నిసార్లు అడిగాను? "సీజన్" అన్నావు. "బృందాలు" అన్నావు. నువ్వు నాలుగు గంటల రైలు దూరంలో కుర్చీలో కూర్చుని ఉన్నావు! నా నడుం ఇలా అయింది ఎవరి వల్ల? నువ్వు కొండలెక్కి అలిసిపోయి ఉంటావని, పాపం అక్క అని, ఒక్కదాన్నే ఆయన్ని ఎత్తాను. పాపం అక్క! నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి.

ఇకపై నువ్వు ఏ కార్డు మీద ఏం రాసినా, ఏ ఊరి ముద్ర ఉన్నా నమ్మను.

*

వెనక గది, కిటికీ లేదు
ఫిబ్రవరి 27

చెల్లీ,

ఈసారి పైన ఉన్న చోటు నిజమే రాశాను.

అవును. మొదటి ట్రిప్పు రోజు కొత్త చీర కట్టుకుని, మెడలో ఈల వేసుకుని, ముందు సీట్లో కూర్చున్నాను. వెనక నలభై మంది. మూడో మలుపులో కక్కుకున్నాను. ఐదో మలుపులో ఒక పెద్దావిడ ఒళ్లో. జలపాతం దగ్గర బస్సు ఆగితే సీటు కింద పడుకుని ఉన్నాను, తల ఎత్తలేకపోయాను. కిటికీలోంచి చప్పుడు విన్నాను, అంతే. తిరుగుదారిలో నలభై మందీ కలిసి గైడ్‌ని చూసుకున్నారు. మర్నాడు యజమాని వెనక గదిలో కుర్చీ వేయించాడు. ఇంకా అదే కుర్చీ.

ఆ వారమే నీకు నిజం రాద్దామని కూర్చున్నాను. నీ ఉత్తరం వచ్చింది. "నాన్నకి వీపు మీద పుండు పడింది. ఒక్కదాన్నే తిప్పలేకపోతున్నాను. పోనీలే, నువ్వైనా జలపాతం చూశావు కదా, ఎలా ఉందో రాయి" అని ఉంది. ఏం రాయమంటావు? నువ్వు వదులుకున్న ఉద్యోగం నేను మూడో మలుపులో కక్కేశానని రాయమంటావా? చప్పుడు ఎలా ఉందో రాశాను. అది ఒక్కటే నాకు తెలుసు. నాన్న నవ్వాడని నువ్వు జవాబు రాశావు. ఆ తర్వాత ఆపడం నా చేతిలో లేకపోయింది.

కానీ నాకూ కోపం ఉంది, విను. "నువ్వైనా చూశావు" అని ఎన్ని ఉత్తరాల్లో రాశావు! ఒకటైనా ఆ మాట లేకుండా రాశావా? ఇచ్చింది ఇచ్చేసి ఊరుకోలేదు నువ్వు, ప్రతి నెలా గుర్తు చేశావు. నాకు ఆ ఉద్యోగం కావాలా వద్దా అని అడిగావా? పెట్టె సర్ది నన్ను రైలెక్కించావు. నీ మంచితనం నా మెడకి రాయిలా వేలాడింది. ఆ రాయి మోస్తూ, వచ్చిపోయే యాత్రికుల్ని వరండాలో పట్టుకుని "ఎలా ఉంది, ఏం చూశారు, రంగు ఎలా ఉంది" అని ముష్టిదానిలా అడిగి, ఆ ముక్కలన్నీ కలిపి నీకు కార్డు రాసేదాన్ని. నీకూ నాన్నకీ ఏది నచ్చుతుందో ఏరి ఏరి రాసేదాన్ని. నా గదిలో వెలుగు లేదు. నీ గోడ మీద అరవై మూడు కిటికీలు పెట్టాను. అది తప్పే. కానీ వట్టి మోసం మాత్రం కాదు.

నాన్న దగ్గరికి రాకపోవడం దానికన్నా పెద్ద తప్పు. మొదట అబద్ధం బయటపడుతుందని రాలేదు. తర్వాత ఆ మంచం అంటే భయం వేసి రాలేదు. సీజన్ అని రాయడం తేలిక. నువ్వు ఎన్ని తిట్టినా దీనికి తక్కువే.

కొలతలు గాల్లోంచి తియ్యలేదు. లైట్‌హౌస్ కింద బెంచీ ఉందో లేదో నాకు నిజంగా తెలియదు. మా ఆఫీసు వరండాలో ఒక చెక్క బెంచీ ఉంది. ఎడమవైపు చెయ్యి ఆనించుకునే చెక్క విరిగిపోయింది. మధ్యాహ్నం దాని మీద కూర్చుని అన్నం తింటాను. కార్డు రాసేటప్పుడు సముద్రం ముందు కూర్చోవడానికి ఏదో ఒకటి కావాల్సి వచ్చి దాన్నే అక్కడ వేశాను. నువ్వు కొలతలు అడిగితే టేపు పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, రెండుసార్లు కొలిచి పంపాను.

మార్చిలో వెళ్లకు. ఒక్కదానివే వెళ్లకు.

అక్క

*

పళ్ల ల్యాబు
మార్చి 5

నీ ఉత్తరం చదివాను. సగం చోట జాలి వేసింది. అందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

నాన్న ఏడు నెలలు చెక్కింది మీ ఆఫీసు వరండా బెంచీకా! ఏ యాత్రికుడు ఏం చూశాడో అడుక్కుంటూ నువ్వు అన్నం తినే బెంచీకా!

ఎల్లుండి బయల్దేరుతున్నాను. మీ ఆఫీసు టికెట్ కాదు, వేరేవాళ్ల దగ్గర తీసుకున్నాను. వరస మార్చలేదు. చెక్క పెట్టెలోనే ఉంది. నాన్నకి మాటిచ్చింది నేను, నువ్వు కాదు. చిట్టచివర ఏదో ఒక బెంచీ ఉంటే దానికి బిగిస్తాను. లేకపోతే ఏం చెయ్యాలో అక్కడే ఆలోచిస్తాను.

నువ్వు నాకు అరవై మూడు కార్డులు పంపావు. నేనూ పంపుతాను. తప్పులు దిద్ది పంపుతాను.

*

జలపాతం
మార్చి 8

తప్పు ఒకటి: నీళ్లు తెల్లగా లేవు, మట్టి రంగు. తప్పు రెండు: ఇంద్రధనుస్సు లేదు. తప్పు మూడు: "చప్పుడు దగ్గర మనిషికి తన మాటే వినబడదు" అన్నావు. పక్కన ఒకాయన ఫోన్లో సిమెంటు బస్తాల గురించి అరుస్తుంటే ప్రతి ముక్కా వినబడింది. జలగలు లేవు.

*

టీ తోటల కొండ
మార్చి 10

మొన్న జలపాతం ఘాట్ రోడ్డు మీద మలుపులు లెక్కపెట్టాను. ముప్ఫై ఆరు. మూడోది పెద్దగా ఏమీ లేదు. ఐదో మలుపు దగ్గర నాకూ కాస్త తిప్పింది. చాలా కాస్త. ఈ విషయం నీకు రాయకూడదనుకున్నాను.

*

పడవల రేవు
మార్చి 12

నువ్వు రాసిన నీలం పిట్ట ఉంది. అచ్చం నువ్వు రాసినట్టే, తల కిందికి వంచి, అలిగినట్టు కూర్చుంది. ఎవరి దగ్గర విని రాశావో గానీ సరిగ్గా విన్నావు. దాన్ని చూసి "నాన్నా, ఇదుగో" అని పైకే అనేశాను. పడవ మనిషి నావైపు వింతగా చూశాడు. దీనికి కూడా నువ్వే కారణం.

*

గుహ
మార్చి 14

మెట్లకి నాచు లేదు, రెయిలింగు ఉంది. మోకాలు బాగానే ఉంది. గబ్బిలాల కంపు మాత్రం నువ్వు ఒక్క కార్డులోనూ రాయలేదు. కంపు గురించి ఎవరూ నీకు చెప్పలేదన్నమాట.

*

లైట్‌హౌస్ కింద
మార్చి 16, మధ్యాహ్నం

అక్కా,

బెంచీ లేదు.

చుట్టూ రెండుసార్లు తిరిగాను. రాళ్లు ఉన్నాయి, ఒక నీళ్ల పంపు ఉంది, "ఇక్కడ ఉమ్మరాదు" అని బోర్డు ఉంది. కూర్చోవడానికి ఏమీ లేదు. ఎప్పుడైనా ఉండేదా అని టికెట్లు చింపే ఆవిడని అడిగాను. "పెట్టమని మేమూ అడుగుతూనే ఉన్నామమ్మా, పెట్టరు" అంది. ఆమెకి నా పెట్టెలో ఉన్నది చూపించాను. చేత్తో నిమిరి, "బెంచీ ఏది?" అంది.

ఇప్పుడు పెట్టె మీద కూర్చుని రాస్తున్నాను. చెక్క ఒళ్లో ఉంది. దాని మీదే కాగితం పెట్టుకుని రాస్తున్నాను, నున్నగా ఉంది, పెన్ను ఎక్కడా తట్టుకోవడం లేదు. ఎంత రుద్దాడో.

కోపం ఒక్క చుక్క తగ్గలేదు. దారంతా నిన్ను తిట్టుకుంటూనే వచ్చాను, బస్సు కుదుపులకి తిట్లు ఇంకా బాగా వచ్చాయి. కానీ ఒకటి రాయకపోతే నేనూ నీలాగే అవుతాను. ఆ అసలు జలపాతం నాన్న చూసి ఉంటే నవ్వేవాడు కాదు. "ఇంతేనా?" అనేవాడు. ఆయన "మళ్లీ" అన్నది నీ జలపాతానికి. పదకొండేళ్లలో ఆయన నవ్వినవన్నీ నువ్వు ఆ చీకటి గదిలో కూర్చుని రాసినవే. ఇది ఒప్పుకోవాలంటే నాకు ఒళ్లు మండిపోతోంది.

నువ్వు నాన్నని నవ్వించావు, నేను ఎత్తాను. నువ్వు వచ్చి ఎత్తడానికి ఒక్కసారైనా చెయ్యి వేసి ఉంటే, ఈ అబద్ధాలన్నీ ఆ మంచం పక్కనే కూర్చుని చెప్పి ఉంటే, నేనూ నవ్వేదాన్ని. నాకు నువ్వు లేవు. నా కోపం అదీ. బెంచీ కాదు.

ఈ ఉత్తరం ఇక్కడి డబ్బాలోనే వేస్తాను. నిజంగా ఇక్కడి నుంచే వచ్చిన ముద్ర ఎలా ఉంటుందో చూసుకో.

చెల్లి

*

లైట్‌హౌస్ కింది లాడ్జి, మూడో గది
అదే రోజు

చెల్లీ,

ఈ చీటీ లాడ్జి ఆవిడ చేతికిచ్చి పంపుతున్నాను. నమ్మవని తెలుసు. తల తిప్పి ఎడమవైపు చూడు. పచ్చ కిటికీ. దాంట్లోంచి చెయ్యి ఊపుతున్నది నేనే.

గంట నుంచి నువ్వు కనబడుతూనే ఉన్నావు. పెట్టె మీద కూర్చుని ఏదో రాస్తున్నావు. నన్నే తిడుతున్నావని ఆ పెన్ను కదలడం చూస్తేనే తెలుస్తోంది. అక్కడ బెంచీ లేదని నేనూ ఇప్పుడే చూశాను.

నీ వరస ప్రకారం రోజులు లెక్కేసుకుని పెద్ద డ్రైవరు బస్సులో వచ్చాను. మూడో మలుపులో ఒకసారి, ఐదో మలుపులో ఒకసారి, ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను. ఆయన నువ్వు కట్టిన పళ్లతో దారంతా ధైర్యం చెబుతూనే ఉన్నాడు, ఒక్క నిమిషం ఊరుకుంటే బాగుండు అనిపించింది. జలపాతం చూశాను. మట్టి రంగు.

అదుగో, బస్సు కింద ఆగి ఉంది. దాని టాపు మీద తాళ్లతో కట్టి ఉన్నది మా వరండా బెంచీ. యజమానిని అడిగాను. "బస్సే ఎక్కలేనిదానివి, బెంచీతో ఎక్కడికి?" అన్నాడు. చెప్పాను. ఎక్కించడానికి ఆయనే బెంచీ కాలొకటి పట్టుకున్నాడు.

అది దింపి కొండ పైకి తేవాలంటే ఇద్దరు ఎత్తాలి. ఈసారి నేనూ ఒక చెయ్యి వేస్తాను. కాకపోతే ఇప్పుడు లేవలేకపోతున్నాను, గది తిరుగుతోంది. ముందు ఒక నిమ్మకాయ పట్టుకురా. తిట్లు తర్వాత, బెంచీ మీద కూర్చుని తిట్టు.

అక్క